బోర్డు మీద మిగిలిన పేరు

ఒక ఖాందాన్ వతన్ వదిలి వెళ్లినప్పుడు ముందుగా ఏది పోతుంది? జబానా, లిబాసా, దస్తర్‌ఖానా? షికాగోలోని ఒక జర్మన్ హోటల్ కథ చదువుతుంటే ఈ సవాల్ నన్ను వదలలేదు.

హెర్మన్ బెర్గాఫ్ జర్మనీలోని డార్ట్‌మండ్ నుంచి 1870లో అమెరికాకు హిజ్రత్ చేశాడు. అప్పుడతను పదిహేడేళ్ల కుర్రాడు. అన్నదమ్ములతో కలిసి ఇండియానాలోని ఫోర్ట్‌వేన్‌లో బీరు తయారీ పెట్టాడు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ బీరు బాగా అమ్ముడుపోయింది. 1898లో ఆ నగరంలోనే దుకాణం తెరిచాడు. బీరు కొంటే శాండ్‌విచ్ ముఫ్త్. అంటే ఖానా అక్కడ ఉత్త ఎర మాత్రమే. మనకు హరామైన వ్యాపారమే, నిజం. అయినా ఆ కథలో ఇబ్రత్ ఉంది.

1900 నాటికి షికాగోలో ప్రతి నలుగురిలో ఒకరు జర్మనీలో పుట్టినవారో, వాళ్ల ఔలాదో. జర్మన్ అఖ్బార్లు, క్లబ్బులు, స్కూళ్లు, అన్నీ ఉండేవి. 1917లో అమెరికా జర్మనీపై జంగ్‌కు దిగింది. అంతే, నిన్నటి పొరుగువాడు ఇవాళ దుశ్మన్ అయ్యాడు. బిస్మార్క్ హోటల్ రాండాల్ఫ్ హోటల్‌గా మారింది. జర్మేనియా క్లబ్ లింకన్ క్లబ్ అయింది. జర్మన్లు ఇష్టంగా తినే పుల్లటి క్యాబేజీ 'సావర్‌క్రౌట్'కు కూడా 'ఆజాదీ క్యాబేజీ' అని పేరు పెట్టారు! ఎందరో ష్మిట్‌లు స్మిత్‌లయ్యారు. 1918 ఏప్రిల్‌లో అదే ఇల్లినాయ్ రాష్ట్రంలోని కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రాగర్ అనే జర్మన్ కార్మికుణ్ని గుంపు చెట్టుకు ఉరితీసింది. ముద్దాయిలను జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. శక్ ఒక్కటి చాలు, సుబూత్ అవసరం లేదు. ఈ మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు కదా.

దాని వెనకే 1920లో మద్యనిషేధం వచ్చింది. బీరు వ్యాపారులు ఎక్కువగా జర్మన్లే కావడంతో, యుద్ధకాలపు నఫ్రత్ ఆ చట్టానికి బలమిచ్చింది. బెర్గాఫ్ వాళ్ల రోజీకి ఆధారమే పోయింది. అప్పుడు వాళ్లు మత్తులేని బీరు, 'బెర్గో' అనే సోడా అమ్మారు. ముఫ్త్‌గా ఇచ్చిన ఖానానే అసలు కారోబార్ చేసుకున్నారు. ష్నిట్జెల్, పులుపులో నానబెట్టి వండే గోష్త్ 'సావర్‌బ్రాటెన్', రై రొట్టె. సరాయి అలా రెస్టారెంట్‌గా మారింది. 1933లో నిషేధం ఎత్తేశాక, నగరంలో మద్యం లైసెన్సు నంబర్ 1 ఈ దుకాణానికే దక్కింది. ఒకప్పుడు శక్‌తో చూసిన కౌమ్ పేరు, నగరం ఫఖ్ర్‌గా చెప్పుకునే పేరైంది.

ఐబులూ ఉన్నాయి. అక్కడి బార్‌లోకి చాలాకాలం ఔరత్‌లను రానివ్వలేదు. 1969లో మహిళా హక్కుల కార్యకర్తలు వెళ్లి కూర్చున్నాకే ఆ రివాజ్ పోయింది. 2006లో తలుపులు మూసేస్తే నగరం అల్విదా చెప్పడానికి వచ్చింది. తర్వాత నాలుగో తరం మళ్లీ తెరిచింది.

పేరు మిగిలింది, జాయికా మిగిలింది. జబాన్ మాత్రం మిగల్లేదు. 1848లో మొదలైన జర్మన్ దినపత్రిక 'ఇల్లినాయ్ స్టాట్స్ జైటుంగ్' 1920ల్లో మూతపడింది. ష్నిట్జెల్ తినే మనవళ్లకు దాదా ఖత్ చదవడం రాదు.

అదే షికాగోలో డెవాన్ అవెన్యూ మీద ఇప్పుడు మన హైదరాబాదీల దుకాణాలున్నాయి. బిర్యానీ ఎక్కడికైనా చేరుతుంది, దాని ఫికర్ నాకు లేదు. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్న పిల్లలతో ఏ జబాన్‌లో మాట్లాడుతున్నాం, అదే నా ఫికర్. ఇవాళ రాత్రి మీ ఇంట్లో ఒకసారి చెవి పెట్టి వినండి.