పంచ్ (పానీయం)

పంచ్ అనేది సారా, నిమ్మరసం, చక్కెర, నీరు, సుగంధ ద్రవ్యాలు కలిపి తయారుచేసే ఒక మిశ్రమ పానీయం. ఇది 17వ శతాబ్దంలో భారతదేశ తీరంలోని ఆంగ్లేయుల వర్తక స్థావరాలలో వాడుకలోకి వచ్చి, ఓడల ద్వారా ఇంగ్లండుకు, తరువాత అమెరికాకు చేరింది. విస్కీ సోర్ వంటి కాక్‌టెయిళ్ళకు ఇదే మూలరూపం. ఈ పేరు కనిపించే పత్రాలలో ఇంతవరకు తెలిసిన వాటిలో అతి పురాతనమైనది ఆంధ్ర తీరంలోని నిజాంపట్నానికి వ్రాసిన ఒక ఉత్తరం.

చరిత్ర

ప్రస్తుతం బాపట్ల జిల్లాలో ఉన్న నిజాంపట్నాన్ని ఐరోపా వర్తకులు పెట్టపోలి అని పిలిచేవారు. చిరివేరుతో ఎర్రరంగు అద్దిన వస్త్రాలకు ఈ ప్రాంతం ప్రసిద్ధి. ఈస్టిండియా కంపెనీ వారు 1611లో ఇక్కడకు వచ్చారు. ఇక్కడి వర్తకుడు థామస్ కోలీకి కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్ 1632 సెప్టెంబరు 28న వ్రాసిన ఉత్తరంలో పంచ్ ప్రస్తావన ఉంది. ఆ పానీయం ఏమిటో ఆడమ్స్ వివరించలేదు. అప్పటికే అది వారికి సుపరిచితమని దీనినిబట్టి ఊహించవచ్చు.

1638లో సూరత్ వచ్చిన జర్మను యాత్రికుడు మాండెల్స్‌లో కూడా ఇటువంటి పానీయాన్ని పేర్కొన్నాడు. ఫ్రెంచి వైద్యుడు బెర్నియే బెంగాలులో దీనిని చూసి, రుచికి బాగున్నా ఆరోగ్యానికి చేటని వ్రాశాడు.

నెలల తరబడి సాగే ప్రయాణంలో ఇంగ్లండు బీరు, ద్రాక్షసారా వేడికి పాడయ్యేవి. కాచి దించిన సారా చెడిపోదు కానీ ఘాటుగా ఉంటుంది. ఇక్కడ సులభంగా దొరికే నిమ్మకాయలు, చక్కెర ఆ ఘాటును తగ్గించేవి.

పేరు

ఐదు పదార్థాలు కలుపుతారు కనుక "ఐదు" అనే అర్థం గల మాట నుండి ఈ పేరు వచ్చిందని 1670లలో భారతదేశంలో పర్యటించిన జాన్ ఫ్రయర్ వ్రాశాడు. పంచామృతం, పంచాంగం అనే మాటలలో ఉన్నది కూడా ఈ "పంచ"యే. అయితే పదార్థాల సంఖ్య అన్నిచోట్లా ఐదు కాదు. అందువలన ఓడలలో వాడే "పంచియన్" అనే పీపా పేరే దీనికి మూలమని మరికొందరి వాదన.

విస్కీతో సంబంధం

స్కాట్లండు, ఐర్లండులలో సారాకు బదులు విస్కీ పోసి విస్కీ పంచ్ తయారుచేశారు. 1862లో జెర్రీ థామస్ న్యూయార్కులో ప్రచురించిన పానీయాల పుస్తకంలో పంచ్ రకాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. పెద్ద గిన్నెలో పదిమందికి కలిపే పంచ్‌ను ఒక గ్లాసుకు కుదించగా సోర్ ఏర్పడింది. విస్కీ సోర్‌లో విస్కీ, నిమ్మరసం, చక్కెర ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్‌లో సారా

పంచ్‌కు ఆధారమైన సారా ఆంధ్రదేశంలో అనేక పేద కుటుంబాలను గుల్లచేసింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో మొదలైన ఉద్యమం ఫలితంగా, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్ర ప్రభుత్వం సారా విక్రయాన్ని నిషేధించింది.