పితూరి నుంచి ఉగ్రవాదం దాకా

మా ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలకు మన్యం పోరాటం పాఠం చెబుతున్నాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా తుపాకులు, తూటాలు పట్టుకుపోయారని చెప్పాను. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, ఇప్పుడెవరైనా స్టేషను మీద పడి తుపాకులు ఎత్తుకుపోతే టీవీలో ఉగ్రవాదులంటారు గదా. మరి రాజుగారిని ఎందుకు అనరు?" అని అడిగింది. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "రేపు చెబుతానమ్మా" అన్నాను. ఆ రేపు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ అమ్మాయికి చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మాట పుట్టుక చూద్దాం. ఇంగ్లీషులో 'టెర్రరిజం' అన్న మాట పుట్టింది ఫ్రెంచి విప్లవ కాలంలో. 1793 నుంచి 1794 దాకా అక్కడ రోబెస్పియర్, ఆయన తోటివారు వేలమందికి మరణశిక్షలు వేయించారు. జనాన్ని భయంలో ఉంచి పాలించడమే వారి పద్ధతి. ఆ పాలనకు పెట్టిన పేరే ఇది. అంటే ఆ మాట మొదట అంటుకున్నది అడవిలో దాక్కున్నవారికి కాదు, గద్దె మీద కూర్చున్నవారికి. తర్వాత కాలంలో ఆ మాట చేతులు మారింది. పాలించేవారు తమను ఎదిరించేవారిని పిలిచే పేరయింది.

అయితే ఉగ్రవాదం ఉత్త మాట కాదు, అది నిజంగా ఉంది. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కులోనూ, గోకుల్ చాట్ దగ్గరా బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. సాయంత్రం పూట సరదాగా బయటికి వచ్చినవాళ్లు వాళ్లు. చంపినవారికీ చచ్చినవారికీ మధ్య ఏ తగవూ లేదు. దీన్నిబట్టి ఉగ్రవాదానికి మూడు గుర్తులు చెప్పుకోవచ్చు. ఒకటి, చంపడమో చంపుతామని బెదిరించడమో. రెండు, ఆ దెబ్బ ఆయుధం లేని మామూలు మనుషుల మీద పడడం. మూడు, వారి చావు చూపించి మిగతా జనాన్ని భయపెట్టి తమ రాజకీయం నెగ్గించుకోవడం. ఇంత తేలిగ్గా చెప్పగలిగినా, దేశాలన్నీ ఒప్పుకున్న ఒక్క నిర్వచనం ఈనాటికీ లేదు. ఐక్యరాజ్యసమితిలో ఇందుకోసం ఒక ఒప్పందం తేవాలని మన దేశమే 1996లో ప్రతిపాదించింది. పరాయి పాలన మీద పోరాడేవారిని ఏమనాలి, ప్రభుత్వ సైన్యాలు జనాన్ని చంపితే ఏమనాలి అన్న ప్రశ్నల దగ్గర అది ఆగిపోయింది. మా తరగతి అమ్మాయి అడిగిందీ దాదాపు అదే.

ఇక మన చరిత్రకు వద్దాం. మన తాతలు తిరగబడినప్పుడల్లా తెల్లదొరల కాగితాల్లో ఒక పేరు కనిపిస్తుంది: 'పితూరి'. 1879లో రంప పితూరి. తర్వాత గూడెం పితూరి. పితూరి అంటే మన వాడుకలో ఫిర్యాదు అని కూడా అర్థం. నిజానికి రంపలో మొదట ఉన్నది ఫిర్యాదే. ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కు అబ్కారీ చట్టంతో పోయింది. దాని మీద మన్సబుదారు 'చిగురు పన్ను' వేశాడు. వ్యాపారులు అప్పుల పేరుతో పశువుల్నీ పంటల్నీ లాక్కుంటే కోర్టులు వారి పక్షమే నిలిచాయి. విన్నవారు లేకపోయాక ఫిర్యాదు తిరుగుబాటయింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారిని చంపి 1880లో దాన్ని అణిచారు. ఆ తర్వాత ప్రభుత్వమే ఆ మన్సబుదారును తొలగించింది. అంటే ఫిర్యాదు నిజమేనని ఒప్పుకున్నట్టే గదా! కానీ పితూరిదార్లన్న పేరు మాత్రం తీసెయ్యలేదు.

1922లోనూ అంతే. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి, తహసీల్దారు బాస్టియన్ దాష్టీకం. రాజుగారితో నడిచినవారిలో గాము గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ముఖ్యులు. గంటందొర 1924లో పోలీసు తూటాలకు చనిపోయాడు. మల్లుదొరను పట్టుకుని అండమాన్ జైలుకు పంపారు. అదే మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. మనిషి ఒక్కడే, చేసిన పని ఒక్కటే. పాలన మారేసరికి నేరస్థుడు పార్లమెంటు సభ్యుడయ్యాడు.

ఇలాంటిదే దక్షిణాఫ్రికాలోనూ జరిగింది. నల్లవారి హక్కుల కోసం 27 ఏళ్లు జైల్లో ఉన్న నెల్సన్ మండేలా, 1994లో దేశాధ్యక్షుడయ్యాక కూడా అమెరికా వారి ఉగ్రవాద జాబితాలోనే ఉన్నాడు. ఆ పేరు తీసేసింది 2008లో.

కొందరికైతే ఏ పనీ చెయ్యకుండానే పేరు పెట్టారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేశారు. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేశారు. పసిబిడ్డ కూడా పుట్టుకతోనే దొంగ. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, ఆ ఊరి పేరు చెబితే జేబు తడుముకునే అలవాటు చాలామందిలో చాలాకాలం పోలేదు.

జోడేఘాట్‌లో కొమురం భీమును 1940లో కాల్చి చంపిన నిజాం ప్రభుత్వం, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి తర్వాత హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సూచనలతో భూములకు పట్టాలు వచ్చాయి. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. ఉపాధ్యాయ శిక్షణ పొందిన నేను ఈ సంగతి ఎప్పుడూ మరిచిపోను. కాల్చే ముందు అడిగి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవి!

ఇది పాత కథ అనుకోవద్దు. టాడా 1985లో వచ్చి 1995లో పోయింది. పోటా 2002లో వచ్చి 2004లో పోయింది. ఇప్పుడు 'ఉపా' ఉంది. 2019 సవరణ ప్రకారం కోర్టులో నేరం రుజువు కాకముందే ఒక మనిషిని ప్రభుత్వం ఉగ్రవాదిగా ప్రకటించవచ్చు. 2017 ఏప్రిల్ 24న ఛత్తీస్‌గఢ్‌లోని బుర్కపాల్ దగ్గర మావోయిస్టులు 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను చంపారు. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసీలను ఉపా కింద జైల్లో పెట్టారు. 2022 జూలైలో దంతెవాడ కోర్టు 121 మందిని సాక్ష్యం లేదని విడిచిపెట్టింది. వారిలో చాలామంది జైల్లో గడిపింది దాదాపు అయిదేళ్లు. పోయిన పంటలు ఎవరిస్తారు? ఎదిగిపోయిన పిల్లల బాల్యం ఎవరిస్తారు?

ఇంతవరకే చెప్పి ఆపితే నేను పిల్లలకు సగం నిజమే చెప్పినట్టు. ఇన్‌ఫార్మరు అన్న పేరు పెట్టి రాత్రిపూట మనిషిని ఇంట్లోంచి లాక్కెళ్లి చంపి, తెల్లారేసరికి శవం పక్కన కాగితం పెట్టిపోతే దాన్ని ఏమందాం? అది చూసి ఊరు ఊరంతా నోరు మూసుకుంటుంది. పైన చెప్పిన మూడు గుర్తులూ అందులో ఉన్నాయి. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజనులే. ఇద్దరూ మన ఓట్లతో గెలిచినవారే. వారి మీద ఆరోపణలుంటే అడగడానికి గ్రామసభ ఉంది, కోర్టు ఉంది, ఎన్నిక ఉంది. 'ఇన్‌ఫార్మరు' కూడా 'ఉగ్రవాది' లాంటి మాటే. ఒకసారి అంటిస్తే విచారణ అక్కర్లేదు.

కొలమానం ఒక్కటే ఉండాలి. మన ఇంట్లో ఒక తవ్వ, సంతలో ఒక తవ్వ పెట్టుకుంటే మనల్ని మోసం చేసిన షావుకారుకీ మనకీ తేడా ఏముంది?

చివరికి ఆ అమ్మాయికి ఇలా చెప్పాను. "రాజుగారి మనుషులు ఆ మూడు స్టేషన్లలో తుపాకులు తీసుకున్నారు గానీ ఎవరినీ చంపలేదు. తర్వాత దామనపల్లి దగ్గర ఇద్దరు తెల్ల అధికారుల్ని చంపారు. ఆ అధికారులు ఆయుధాలతో తమను వేటాడుతూ వచ్చినవారు. సంతకొచ్చిన జనం మీద బాంబు వేసినవారు కాదు. అందుకే అది యుద్ధం, ఉగ్రవాదం కాదు. యుద్ధం మంచిదని నేననడం లేదు. రెండింటికీ పేర్లు వేరు అంటున్నాను."

ఆమె ఒప్పుకోలేదు. "మరి ఇప్పటివాళ్లు కూడా మాది యుద్ధమే అంటారు గదా సార్" అంది. "అంటారు. అందుకే వాళ్లు పెట్టుకున్న పేరూ నమ్మకు, ఎదుటివాళ్లు వాళ్లకు పెట్టిన పేరూ నమ్మకు. ఏం చేశారు, ఎవరికి చేశారు, రుజువేమిటి అని అడుగు" అన్నాను.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మనవి. ఇలాంటి ప్రశ్న వస్తే పిల్లల్ని కూర్చోబెట్టేయకండి. పేపర్లో 'ఉగ్రవాది' అన్న మాట కనిపించినప్పుడల్లా ఆ మూడు ప్రశ్నలూ నోటు పుస్తకంలో రాయించండి. మన పిల్లలకు అది పరీక్ష కోసం కాదు. రేపు ఏ చెక్‌పోస్టు దగ్గరో బస్సు దింపి ఊరి పేరు అడిగినప్పుడు, తన పేరు తాను చెప్పుకోగలగడం కోసం.