సికింద్రాబాద్ గ్రౌండ్ల నుంచి యూరప్ ఫైనల్ దాకా: ఆడపిల్లల ఫుట్‌బాల్ నడిచిన తొవ్వ



మన హాస్టల్ పోరగాళ్లలో సగం మంది ఆర్సెనల్, బార్సిలోనా టీషర్టులు వేసుకుని తిరుగుతరు. 2025 మే 24న ఆ రెండు క్లబ్బులే లిస్బన్‌లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడినయంటే మాత్రం, "అదెప్పుడు? ఆ ఏడు ఫైనల్ పారిస్‌ది, ఇంటర్‌ది కదా?" అని ఎదురు ప్రశ్న వేస్తరు. పారిస్ ఆడింది మగవాళ్ల ఫైనల్. లిస్బన్‌లో జరిగింది మహిళల ఫైనల్. బార్సిలోనా అప్పటికి వరుసగా రెండేళ్లు కప్పు గెలిచిన జట్టు, మళ్లీ వాళ్లదే అని అందరూ అనుకున్నరు. 74వ నిమిషంలో స్టీనా బ్లాక్‌స్టేనియస్ అనే స్వీడన్ అమ్మాయి గోల్ కొట్టింది. ఆర్సెనల్ 1, బార్సిలోనా 0. ఆర్సెనల్ ఆడబిడ్డలు ఈ కప్పు ముట్టుకోవడం 2007 తర్వాత అదే మొదలు, అంటే 18 ఏళ్లకు. ఆ ఏడు వాళ్లు క్వాలిఫైయింగ్ మొదటి రౌండ్ నుంచి ఆడుకుంటూ వచ్చిన్రు. గ్రూపులో మొదటి మ్యాచే బయర్న్ చేతిలో 5-2తో ఓడిపోయిన్రు. క్వార్టర్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ మీద, సెమీస్‌లో లియోన్ మీద, రెండు చోట్లా మొదటి మ్యాచ్ పోగొట్టుకుని రెండో మ్యాచ్‌లో తిరగబడ్డరు. ఇంత కథ ఉన్న కప్పు గురించి మనకు తెలియకపోవడానికి కారణం మన అజ్ఞానం ఒక్కటే కాదు. దాన్ని జనం కంటికి కనబడకుండా చేసిన చరిత్ర ఒకటి ఉంది. ముందు అది చెప్పుకోవాలె.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ మగవాళ్లు సరిహద్దులకు పోతే, తుపాకి గుండ్ల ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పనికి కుదిరిన్రు. భోజనం విరామంలో బంతి తన్నడం మొదలుపెట్టిన ఆ కూలి ఆడవాళ్లతోనే ప్రెస్టన్ ఊర్లో డిక్ కెర్ లేడీస్ అనే జట్టు పుట్టింది. గాయపడ్డ సైనికుల కోసం, దవాఖానల కోసం చందాలు వసూలు చేసేటందుకు మ్యాచ్‌లు ఆడేటోళ్లు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వాళ్ల ఆట చూడటానికి 53,000 మంది వచ్చిన్రు. ఇంకా వేల మంది గేటు బయటనే నిలబడిపోయిన్రు. ఏడాది తిరగకముందే, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన కింద ఉన్న గ్రౌండ్లలో ఆడవాళ్లు ఆడొద్దని తీర్మానం చేసింది. ఆట ఆడవాళ్ల ఒంటికి సరిపోదన్నరు, చందా లెక్కల మీద అనుమానాలు పెట్టిన్రు. ఆడొద్దని నేరుగా అనలేదు, జాగా ఇవ్వొద్దన్నరు. ఈ పద్ధతి మనోళ్లకు బాగా ఎరుకే. అడవిలో ఉండొద్దని ఎవరూ చెప్పరు, ఉండే జాగాకు పట్టా ఇవ్వరు, అంతే.

ఆ నిషేధం 1970 దాకా నడిచింది. పశ్చిమ జర్మనీ సంఘం కూడా 1955లో ఇట్లాంటిదే పెట్టి 1970లో ఎత్తేసింది. బ్రెజిల్‌లో అయితే 1941 నుంచి 1979 దాకా చట్టమే అడ్డం. పెలే మూడు ప్రపంచ కప్పులు గెలిచిన కాలమంతా ఆ దేశంలో ఆడపిల్ల బంతి ఆడితే తప్పు! మగవాళ్ల యూరప్ కప్పు 1955లోనే మొదలైతే, మహిళల క్లబ్బులకు అట్లాంటి కప్పు 2001-02లో గాని రాలేదు. 46 ఏళ్ల తేడా. మన దగ్గర కొందరు "ఆడోళ్ల ఆట చూసేటోళ్లు లేరు, అందుకే డబ్బుల్లేవు" అంటరు. ముందు చూసేటోళ్లు ఉన్నరు, వాళ్ల ముందు నుంచి గ్రౌండ్ గుంజుకున్నరు అనేది లెక్కలో వేసుకోవాలె.

మొదటి ఫైనల్ 2002 మే 23న, ఫ్రాంక్‌ఫర్ట్‌లో. సొంతూరి జట్టు ఫ్రాంక్‌ఫర్ట్, స్వీడన్ నుంచి వచ్చిన ఉమియో మీద 2-0తో గెలిచింది. స్టెఫీ జోన్స్ ఒకటి, బిర్గిట్ ప్రింజ్ ఒకటి. చూసినోళ్లు 12,000 పైచిలుకు. నిషేధం పెట్టిన దేశంలోనే ఆ నిషేధం ఎత్తేసిన 32 ఏళ్లకు ఆ గెలుపు. తర్వాత 2009 దాకా ఫైనల్‌ను రెండు మ్యాచ్‌లుగా, ఒకటి మా ఊర్లో ఒకటి మీ ఊర్లో అన్నట్టు ఆడించిన్రు. 2010లో పేరు మహిళల ఛాంపియన్స్ లీగ్‌గా మార్చి మళ్లీ ఒకటే ఫైనల్ పెట్టిన్రు. ఆ ఏడు పోట్స్‌డామ్ అనే జర్మన్ జట్టు పెనాల్టీల మీద 7-6తో లియోన్‌ను ఓడగొట్టింది.

లియోన్ కథ కొంచెం ఆగి చూడాలె. ఓడిన మరుసటేడు నుంచి లెక్కపెడితే ఆ క్లబ్బు 2011, 2012, 2016, 2017, 2018, 2019, 2020, 2022, మొత్తం ఎనిమిది సార్లు యూరప్ ఛాంపియన్. వాళ్ల దగ్గర మంత్రం ఏమీ లేదు. క్లబ్ అధ్యక్షుడు ఝాన్ మిషెల్ ఓలాస్ 2004లో ఆడవాళ్ల జట్టును క్లబ్బులో కలుపుకుని, మగవాళ్లకిచ్చే ప్రాక్టీస్ గ్రౌండు, డాక్టరు, ప్రయాణం వాళ్లకు కూడా ఇచ్చిండు. ఆడవాళ్లకు సాయంత్రం పని అయిపోయినంక మిగిలిన గ్రౌండ్ దొరికే రోజుల్లో అది చాలా పెద్ద మాట. 2019లో బుడాపెస్ట్ ఫైనల్లో ఆడా హెగర్‌బర్గ్ అనే నార్వే అమ్మాయి ఆట మొదలైన అరగంటలోనే హ్యాట్రిక్ కొట్టి బార్సిలోనాను 4-1తో పంపించింది. ఆ అమ్మాయే అదే ఏడు ప్రపంచ కప్పుకు పోలేదు. తమ దేశ సంఘం ఆడవాళ్ల ఆటను పట్టించుకోవడం లేదని 2017 నుంచి ఐదేళ్లు జాతీయ జట్టుకు దూరం ఉన్నది. ప్రపంచంలోనే పెద్ద ఆటగత్తె ఆ మాట అన్నదంటే, ఇక మన దగ్గరి సంగతి వేరే చెప్పాల్నా? ఆ రోజు ఓడిన బార్సిలోనా 2021లో మొదటి కప్పు కొట్టింది. 2022 ఏప్రిల్‌లో వుల్ఫ్స్‌బర్గ్‌తో సెమీఫైనల్‌కు క్యాంప్ నౌ స్టేడియంలో 91,648 మంది కూర్చున్నరు. వందేళ్ల కింద గుడిసన్ పార్క్ గేటు బయట నిలబడ్డ జనానికి మళ్లీ టికెట్ దొరికినట్టు అనిపిస్తది మాకు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. మనం చదువుకుంటున్న ఈ సికింద్రాబాద్ 1806లో సికందర్ జా పేరు మీద కంటోన్మెంటుగా లేచిన ఊరు. తిరుమలగిరి, బొల్లారం పటాలాలతో పాటే బంతి ఆట వచ్చింది. బేగంపేట దాటి పొద్దున్నే తిరిగితే ఇప్పటికీ ఆ పాత గ్రౌండ్ల ఆనవాళ్లు కనబడతయి. తులసీదాస్ బలరాం 1936లో ఇక్కడి అమ్ముగూడలోనే ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టిండు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆ పిలగాని కాలును గుర్తుపట్టిండు. రహీం నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన తయారు చేసిన భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా పోయింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చింది. బలరాం ఆ రెండింటిలోనూ ఉన్నడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టిండు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట మానేసిండు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో చనిపోయేదాకా ఆయనకు ఒక్క పద్మ పురస్కారం రాలేదు. మైదాన్ సినిమా వచ్చినంక రహీం పేరన్నా మన పిల్లలకు తెలిసింది. అమ్ముగూడ మీదుగా రోజూ పోయేటోళ్లలో ఎంతమందికి బలరాం తెలుసు?

సరే, ఈ గొప్ప కథలో ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదు. మనం దాన్ని గర్వంగా చెప్పుకుంటం, చెప్పుకోవాలె కూడా. అయితే అది సగం ఊరి కథే.

దేశంలో మహిళల ఫుట్‌బాల్‌కు సంఘం 1975లో, లక్నోలో, మగవాళ్ల సంఘంతో సంబంధం లేకుండా పుట్టింది. చేతిలో పైసా లేకున్నా మన జట్టు అప్పటి ఏషియా ఛాంపియన్‌షిప్‌లో రెండుసార్లు ఫైనల్ దాకా పోయింది. ఒక ఫైనల్ మన కాలికట్‌లోనే జరిగింది. 1990లలో పెద్ద సంఘం చేతికి వచ్చినంక పరిస్థితి బాగుపడాల్సింది పోయి ఏళ్లకేళ్లు నిద్రపోయింది. దేశవాళీ మహిళల లీగ్ 2016-17లో గాని మొదలు కాలేదు. యూరప్ ఫైనల్‌కు దీనికి సంబంధం ఏందంటరా? అక్కడి కప్పులోకి తొవ్వ దేశవాళీ లీగ్ నుంచే. ఊర్లో లీగ్ ఉంటే ఛాంపియన్ ఉంటది, ఛాంపియన్ ఉంటే ఖండానికి పోతది. లీగే లేని కాడ ఎంత మంచి కాలైనా పంద్రాగస్టు ఆటల పోటీలతోనే ఆగిపోతది.

అయినా మనోళ్లు పోయిన్రు. మణిపూర్ బిడ్డ బాలాదేవి 2020లో స్కాట్లాండ్ రేంజర్స్ క్లబ్బుతో ఒప్పందం చేసుకుంది. పంజాబ్ హోషియార్‌పూర్ జిల్లా పల్లెటూరి అమ్మాయి మనీషా కల్యాణ్ సైప్రస్‌లోని అపోలాన్ క్లబ్బుకు పోయి, 2022 ఆగస్టు 18న రీగా జట్టు మీద మ్యాచ్‌లో దిగింది. మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయురాలు ఆమెనే. ఆ తారీఖు గుర్తుపెట్టుకోండి. దానికి మూడు రోజుల ముందే మన ఫుట్‌బాల్ సంఘం పెద్దల కొట్లాట వల్ల ఫిఫా భారత్‌ను సస్పెండ్ చేసింది. మనీషా అంతకుముందు ఆడిన గోకులం కేరళ అమ్మాయిలు ఏషియా క్లబ్ పోటీ కోసం తాష్కెంట్‌లో దిగి, ఆడే వీల్లేక ఉత్త చేతులతో తిరిగి వచ్చిన్రు. ఒకే వారంలో ఒక అమ్మాయికి యూరప్ గేటు తెరుచుకుంది, ఇంకో ఇరవై మంది అమ్మాయిలకు ఏషియా గేటు మూసుకుంది. పెద్దమనుషుల పంచాయితీకి శిక్ష ఎవరికి పడ్డదో చూడండి.

ఆ తర్వాతి నెలలోనే మన కథ. గుగులోత్ సౌమ్య, నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ. పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణది కూడా ఆ జిల్లానే. 2022 సెప్టెంబర్‌లో కాఠ్మాండులో శాఫ్ పోటీలో పాకిస్తాన్ మీద 3-0 మ్యాచ్‌లో చివరి గోల్ సౌమ్య కొట్టింది. అదే నెలలో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా పెద్ద క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు సంతకం చేసింది. మగవాళ్లలో లూకా మోద్రిచ్ పెరిగిన క్లబ్ అది. మన పక్క ఇంటిపేరు ఒక యూరప్ క్లబ్ జెర్సీ మీదికి ఎక్కడం చిన్న సంగతా?

తిరిగి వచ్చినంక ఆమె ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2025 ఏప్రిల్‌లో కల్యాణి స్టేడియంలో ఒడిశా ఎఫ్‌సీ మీద గెలిస్తే లీగ్ టైటిల్ వస్తది. మ్యాచ్ 1-0, ఆ ఒక్క గోల్ సౌమ్యదే. ఈస్ట్ బెంగాల్‌కు అది మొదటి మహిళల లీగ్ టైటిల్. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా సౌమ్యకే ఇచ్చిన్రు. ఆ గెలుపుతోనే ఈస్ట్ బెంగాల్‌కు ఏషియా మహిళల ఛాంపియన్స్ లీగ్ తొవ్వ దొరికింది. 2025 జులైలో భారత మహిళలు థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదనే 2-1తో ఓడించి, క్వాలిఫైయర్లు ఆడి మొదటిసారి ఏషియా కప్పుకు అర్హత సాధించిన్రు. ఆ క్వాలిఫైయర్లలోనే మంగోలియా మీద 13-0 మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టిన ప్యారీ శాశా ఒడిశా సుందర్‌గఢ్ ఆదివాసీ బిడ్డ. 2022లో మన దేశంలోనే జరిగిన అండర్-17 ప్రపంచ కప్పులో జట్టు కెప్టెన్ అష్టమ్ ఉరావ్ జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. 1928లో హాకీ బంగారు జట్టుకు జైపాల్ సింగ్ ముండా కెప్టెన్ అయిన నాటి నుంచి మనవాళ్లు ఆటల్లో ఉన్నరు. ఆడబిడ్డలు ఇప్పుడు వరుసలోకి వస్తున్నరు.

అయితే మురిసిపోయి ఊరుకుంటే కాదు. సౌమ్య గెలిచిన ఆ లీగ్‌లో ఉన్న జట్లు ఎనిమిదే. అంటే ఒక్కో జట్టుకు ఏడాదికి 14 మ్యాచ్‌లు. అందులో తెలంగాణ జట్టు ఒక్కటీ లేదు, ఆంధ్ర జట్టూ లేదు. రహీం సాబ్ ఊర్లో పుట్టిన ఆడపిల్ల పైస్థాయి లీగ్ ఆడాలంటే కోల్‌కతాకో కేరళకో పోవాల్సిందే. పోవాలంటే ఇంట్లో ఒప్పుకోవాలె. ఇక్కడే మనోళ్ల దగ్గర కథ తెగిపోతది. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల దాకా గాలిలాగ ఉరికే చెల్లె, పది కాంగనే నిక్కరేసుకుని ఆడుడేంది అని ఆగిపోతది. కొన్ని తండాల్లో అప్పటికే సంబంధాలు చూస్తరు. ఇంగ్లండ్‌లో ఆ పని ఒక సంఘం చేసింది. మన దగ్గర ఏ తీర్మానం అక్కర్లేదు, అన్నలం మనమే చాలు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పోరగాళ్లం గ్రౌండ్ మొత్తం క్రికెట్‌కు పట్టుకుంటం, చెల్లెళ్లు బోరింగ్ కాడ బిందెలు పట్టుకుని చూస్తరు.

అందుకే ఈ ఏడు మన గ్రూపు తరఫున ఒక పని అనుకుంటున్నం. వచ్చే సెలవులకు ఎవరెవరు ఊర్లకు పోతున్నరో, మీ ఊరి ఆశ్రమ పాఠశాలలో గాని గురుకులంలో గాని ఆడపిల్లలకు బంతి ఉందా, గ్రౌండ్ ఉందా, సాయంత్రం వాళ్లకంటూ ఒక గంట ఉందా, పీఈటీ సార్ గాని మేడం గాని ఉన్నరా, ఈ నాలుగు సంగతులు కనుక్కుని ఇక్కడ రాయండి. బంతులు లేని చోటికి సికింద్రాబాద్ సీనియర్లం చందా వేసుకుని పంపిస్తం. పది పాసై ఆట వదిలేసిన చెల్లెళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లింట్లో మాట్లాడటానికి మాలో అక్కలు ఇద్దరు ముగ్గురు వస్తమన్నరు. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి, అడ్మిన్‌కు విడిగా పంపండి.