రాస్ పెరో: 1 కోటి 97 లక్షల ఓట్లు వచ్చినా ఒక్క ఎలక్టర్ కూడా దక్కలేదు

అమెరికా అధ్యక్ష ఎన్నికలంటే రిపబ్లికన్, డెమోక్రటిక్ పార్టీల పోరే అని అందరికీ తెలుసు. ఈ రెండింటితో సంబంధం లేని ఒక వ్యాపారి 1992లో ఆ ఇద్దరినీ హడలెత్తించాడు. ఆయనే టెక్సాస్‌కు చెందిన రాస్ పెరో. ఆయనకు 18.9 శాతం ఓట్లు పడ్డాయి. 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ తర్వాత, రెండు పెద్ద పార్టీల బయటి అభ్యర్థికి ఇంత శాతం ఓట్లు రావడం అదే మొదటిసారి. అయినా లెక్కలోకి వచ్చే ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా.

ఎవరీ పెరో?

పెరో 1930 జూన్ 27న టెక్సాస్‌లోని టెక్సార్కానాలో పుట్టారు. తండ్రిది పత్తి వ్యాపారం. పెరో నేవల్ అకాడమీలో చదివి, కొన్నేళ్లు నౌకాదళంలో పనిచేసి, 1957లో ఐబీఎం కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరారు. 1962లో డల్లాస్‌లో ఎలక్ట్రానిక్ డేటా సిస్టమ్స్ అనే సొంత కంపెనీ పెట్టారు. వృద్ధులు, పేదల ప్రభుత్వ వైద్య పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ కంప్యూటర్ పనుల కాంట్రాక్టులతో ఆ కంపెనీ బాగా ఎదిగింది. ప్రభుత్వ ఖర్చును తిట్టిన పెరో సంపదలో ప్రభుత్వ సొమ్ముకూ వాటా ఉందని ప్రత్యర్థులు ఎత్తిచూపింది ఇందుకే. 1984లో కంపెనీని జనరల్ మోటార్స్‌కు సుమారు 250 కోట్ల డాలర్లకు అమ్మేశారు. 1988లో పెరో సిస్టమ్స్ పెట్టారు. 1996లో ఈ కంపెనీయే హెచ్‌సీఎల్‌తో కలిసి భారత్‌లో ఉమ్మడి సంస్థను నడిపింది.

టీవీ షోలో మొదలైన పోటీ

1992 ఫిబ్రవరి 20న ల్యారీ కింగ్ టీవీ షోలో పెరో ఒక షరతు పెట్టారు. మొత్తం 50 రాష్ట్రాల్లో జనమే సంతకాలు సేకరించి తన పేరు బ్యాలెట్ మీదికి ఎక్కిస్తే పోటీ చేస్తానన్నారు. పార్టీ లేదు, కార్యకర్తలు లేరు. అయినా వాలంటీర్లు ఊరూరా బల్లలు వేసుకుని సంతకాలు పట్టారు.

అప్పట్లో దేశం మాంద్యం నుంచి ఇంకా తేరుకోలేదు. ఆ ఏడాది ఫెడరల్ బడ్జెట్ లోటు 29,000 కోట్ల డాలర్లు. అప్పు ఇలాగే పెరిగితే భారం పిల్లల మీద పడుతుందని పెరో మొదటి వాదన. మెక్సికో, కెనడాలతో కుదురుతున్న నాఫ్టా వాణిజ్య ఒప్పందం వల్ల ఫ్యాక్టరీ ఉద్యోగాలు మెక్సికోకు తరలిపోతాయని రెండో వాదన. జూన్‌లో వచ్చిన గ్యాలప్ సర్వేలో పెరో 39 శాతంతో ముందుంటే, అధ్యక్షుడు జార్జ్ బుష్‌కు 31, బిల్ క్లింటన్‌కు 25 శాతం వచ్చాయి.

తప్పుకున్నారు, మళ్లీ వచ్చారు

జులై 11న నాష్‌విల్‌లో నల్లజాతి హక్కుల సంస్థ సభలో మాట్లాడుతూ పెరో శ్రోతలను వేరే జనం అన్నట్టుగా సంబోధించారు. అది వాళ్లను బాగా నొప్పించింది. ఆ తర్వాత ఐదు రోజులకే పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పేశారు. అక్టోబర్ 1న మళ్లీ బరిలోకి దిగారు కానీ, జూన్‌లో ఉన్న ఊపు అప్పటికే పోయింది.

అయినా కోలుకున్నారంటే రెండు కారణాలు. సొంత సొమ్ము 6 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, టీవీలో అరగంట సమయాలు కొని, చార్టులు పట్టుకుని ఆర్థిక లెక్కలు చెప్పారు. కోటిన్నర మందికి పైగా చూశారు. రెండోది, మూడు టీవీ చర్చల్లోనూ బుష్, క్లింటన్‌ల పక్కన ఆయనకూ చోటు దొరికింది.

ఓట్లున్నా ఎలక్టర్లు ఎందుకు రాలేదు?

నవంబర్ 3న క్లింటన్‌కు 43 శాతం, బుష్‌కు 37 శాతానికి పైగా, పెరోకు దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి. ఎలక్టోరల్ ఓట్లు మాత్రం వరుసగా 370, 168, సున్నా.

దీనికి కారణం పద్ధతిలోనే ఉంది. మొత్తం ఎలక్టర్లు 538 మంది, గెలవాలంటే 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్ర ఎలక్టర్లందరూ వాళ్లకే. మన దగ్గర అసెంబ్లీ సీటులో రెండో స్థానానికి ఏమీ దక్కనట్టే, అక్కడ రాష్ట్రం మొత్తానికీ అదే రూలు. పెరో మెయిన్‌లో బుష్‌ను, యూటాలో క్లింటన్‌ను దాటి రెండో స్థానంలో నిలిచారు. ఏం లాభం? రెండో స్థానానికి విలువ లేదు.

1968తో పోలిస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. జాతి వేర్పాటును సమర్థించిన జార్జ్ వాలెస్‌కు ఆ ఏడాది 13.5 శాతమే వచ్చినా 46 మంది ఎలక్టర్లు దక్కారు. ఆయన ఓట్లు ఎక్కువగా దక్షిణాదిలో పోగుపడటంతో ఐదు రాష్ట్రాలు గెలిచారు. పెరో ఓట్లు దేశమంతా పరుచుకున్నాయి. అంటే అన్ని ప్రాంతాల వాళ్లనూ కదిలించిన అభ్యర్థి కంటే ఒకే ప్రాంతాన్ని పట్టుకున్న అభ్యర్థికే ఈ పద్ధతి మేలు చేసింది.

బుష్‌ను ఓడించింది పెరోనేనా?

రిపబ్లికన్లు చాలామంది ఇప్పటికీ అవునంటారు. కానీ పోలింగ్ రోజు ఓటర్లను అడిగిన సర్వేల్లో, పెరో లేకపోతే ఎవరికి వేసేవారన్న ప్రశ్నకు ఆయన ఓటర్లు ఇద్దరి మధ్య ఇంచుమించు సమానంగా చీలారు. కొందరు అసలు ఓటే వేసేవాళ్లం కాదన్నారు. కాబట్టి ఆ నింద నిలబడదు.

రిఫార్మ్ పార్టీ

1995లో పెరో రిఫార్మ్ పార్టీ పెట్టారు. 1996లో టీవీ చర్చలకు ఆయన్ను పిలవలేదు. ఓట్లు 8.4 శాతానికి పడిపోయాయి. 2000 నుంచి చర్చల్లో చోటు కావాలంటే జాతీయ సర్వేల్లో 15 శాతం ఉండాలన్న నిబంధన వచ్చింది. 1998లో ఈ పార్టీ తరఫున జెస్సీ వెంచురా మిన్నెసోటా గవర్నర్‌గా గెలిచారు. కానీ వర్గపోరుతో పార్టీ చితికిపోయి, 2000లో అర శాతం ఓట్లు కూడా తెచ్చుకోలేకపోయింది.

మిగిలింది ఏమిటి?

పెరో ఓడినా ఆయన లేవనెత్తిన విషయాలు బతికాయి. లోటు తగ్గించడం క్లింటన్ ప్రభుత్వానికి ముఖ్యమైన పని అయింది. 1998లో బడ్జెట్ మిగులులోకి వచ్చింది, 1969 తర్వాత అదే మొదటిసారి. నాఫ్టా మాత్రం ఆయన ఎంత వ్యతిరేకించినా 1994 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

రిఫార్మ్ పార్టీ టికెట్ కోసం ప్రయత్నించి 2000 ఫిబ్రవరిలో విరమించుకున్న మరో వ్యాపారి డొనాల్డ్ ట్రంప్. 2016లో ఆయన మూడో పార్టీ జోలికి పోలేదు. రిపబ్లికన్ పార్టీలోనే చొరబడి, నాఫ్టాను తిట్టి, అధ్యక్షుడయ్యారు. నాఫ్టా స్థానంలో 2020లో కొత్త ఒప్పందం వచ్చింది. అప్పటికి పెరో లేరు. 2019 జులై 9న, 89 ఏళ్ల వయసులో, డల్లాస్‌లో కన్నుమూశారు.

రెండు పార్టీల గోడను బయటి నుంచి పగలగొట్టాలంటే ఓట్లు ఉంటే సరిపోదు, రాష్ట్రాలు గెలవాలి. ఆ రూలు 1992లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.