జకార్తా విజయము – ఆటగాండ్ర ఎంపిక

జాతీయ ఫుట్‌బాల్ జట్టులో ఎవరిని చేర్చవలెను, ఎవరిని విడువవలెను అను వాదము అభిమానులలో ఏనాడును తెగునది కాదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలందు భారతజట్టు తొలుత దక్షిణ కొరియాతో ఆడి 0–2తో ఓడెను. థాయ్‌లాండుతో ఆడునపుడు వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అట్టివానిని విశ్రమింపజేయుటయే ఎవరికైనను తోచును. కాని హైదరాబాదు వాస్తవ్యుడగు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అతనిని ముందువరుసకు మార్చెను. ఉపాంత్యమున దక్షిణ వియత్నాముపై 3–2తోను, సెప్టెంబరు 4న తుదిపోరున అదే కొరియాపై 2–1తోను మనవారు గెలిచిరి. రెండింటను జర్నైలు గోలు కొట్టెను. స్వర్ణపతకము తెచ్చిన యా జట్టులో సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం సయితము ఉండెను. రహీం మరుసటి యేటనే, 1963 జూన్‌లో, కన్నుమూసెను. ఆటగాని పేరును గాక, ఆనాటి అవసరమును చూచి ఎంపిక చేయవలెనని ఈ చరిత్ర మన యువకులకు తెలుపుచున్నది.