నాండ్ రీడర్ (ఎక్స్‌బాక్స్ 360)

2005లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ 360 మదర్‌బోర్డు మీది నాండ్ ఫ్లాష్ మెమరీని యూఎస్‌బీ ద్వారా చదివి, తిరిగి రాసే చిన్న బోర్డు. నాండ్-ఎక్స్, జేఆర్-ప్రోగ్రామర్ ఈ కోవలోవే. చిప్ కనిపించకపోతే రీడర్‌నే అనుమానించడం పరిపాటి. కానీ ముందు చూడాల్సింది రీడర్‌ను మదర్‌బోర్డుకు కలిపే వైర్ల సోల్డరింగ్. గ్రౌండ్ వైరు ఊడినా, వైర్లు మరీ పొడవైనా సిగ్నల్ చెడుతుంది. కన్సోల్‌కు కరెంటు అందుతూ ఉండాలి, కానీ ఆన్ చేయకూడదు. 4 జీబీ కరోనా రకం మదర్‌బోర్డుల సంగతి వేరు: వాటిలో ఉండేది ఈఎంఎంసీ చిప్ కనుక ఎస్‌డీ కార్డు రీడర్ పద్ధతిలో చదవాలి. ఏ మదర్‌బోర్డుకైనా మెమరీలోని డేటాకు కనీసం రెండు కాపీలు తీసి పోల్చాలి. తేడా వస్తే రాసే జోలికి పోకూడదు. ప్రతి కన్సోల్‌కూ ప్రత్యేకమైన కీవాల్ట్ (కీలు ఉండే భాగం) ఆ మెమరీలోనే ఉంటుంది కనుక మరో కన్సోల్ కాపీ నేరుగా పనికిరాదు. ఒకటి రెండు బ్యాడ్ బ్లాకులు (చెడిన మెమరీ భాగాలు) కనిపిస్తే మాత్రం కంగారు అక్కర్లేదు, అవి ఫ్యాక్టరీ నుంచే వచ్చి ఉండవచ్చు.