పులికి కారణం ఉంది, మనిషికి లేదా?

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి. మధ్యలో ఆపేసినా మళ్ళీ వచ్చి పూర్తి చెయ్యండి.

మా హాస్టల్లో ఫస్టియర్‌లో చేరిన ఒక తమ్ముడికి వారం తిరక్కుండానే క్లాసులో ‘మోగ్లీ’ అని పేరు పెట్టారు. సరదాకే అన్నామన్నారు. తమ్ముడు కూడా నవ్వేశాడు. రాత్రి అన్నాలు తిన్నాక మాత్రం అడిగాడు: “అన్నా, ఆ మోగ్లీ పుస్తకంలో మనోళ్ళు ఉన్నారా?” మాలో ఎవరికీ జవాబు తెలీదు. కార్టూన్ చూశాం గానీ పుస్తకం చదవలేదు. అట్లా మొదలైంది. లైబ్రరీలో దొరికినవీ, ఫోన్లో దొరికినవీ కలిపి అడవి గురించీ మృగాల గురించీ తెల్లదొరలు రాసిన పుస్తకాలు కొన్ని వరసగా చదివాం. చదివాక మాకు అర్థమైంది ఇక్కడ పెడుతున్నాం.

ముందు తమ్ముడికి జవాబు. మనోళ్ళు ఉన్నారు. కానీ మాట్లాడరు.

రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన ‘జంగిల్ బుక్’ 1894లో, రెండో భాగం 1895లో వచ్చాయి. కథ జరిగేది ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో. అంటే గోండుల గడ్డ మీద. ఆ అడవిలో తోడేలు మాట్లాడుతుంది, ఎలుగుబంటి పాఠాలు చెబుతుంది, కొండచిలువ మాట్లాడుతుంది, ముసలి ఏనుగు చరిత్ర చెబుతుంది. రెండో భాగంలో ఒక కథ ఉంది. మోగ్లీ తన పగ తీర్చుకోడానికి అడవి జంతువులన్నిటినీ ఒక ఊరి పొలాల మీదకి తోలతాడు. పంటలన్నీ పోయాక ఊరివాళ్ళు భయపడి దగ్గర్లో తిరిగే గోండు పెద్దను పిలిపిస్తారు. మా మీద మీ దేవుళ్ళకు కోపం వచ్చిందా అని అడుగుతారు. ఆ గోండు పెద్ద ఏమీ అనడు. అడవి కాకర తీగ ఒకటి తీసి గుడి తలుపుకి అడ్డంగా అల్లుతాడు. ఊరు వదిలి పొండని దారి వైపు చెయ్యి చూపించి తన అడవిలోకి వెళ్ళిపోతాడు. అంతే. ఈ దేశంలో అందరికంటే పాత జాతి వీళ్ళదేననీ, ఈ నేలకు అసలు సొంతదారులు వీళ్ళేననీ కిప్లింగే రాశాడు. ఆ సొంతదారు నోటినుంచి మాత్రం ఒక్క మాట రానివ్వలేదు. పైగా, అడవి కదిలి వస్తే దాన్ని ఆపగలిగేది తెల్లవాళ్ళేనని ఆ గోండుకు తెలుసునని కూడా రాశాడు. మాట్లాడని మనిషి మనసులో ఏముందో రచయితే రాసేశాడన్నమాట.

ఇది చదివి మేం కొంచెంసేపు నవ్వుకున్నాం. తర్వాతి పుస్తకం దగ్గర నవ్వు ఆగింది.

జిమ్ కార్బెట్ పేరు చాలామంది వినే ఉంటారు. మనుషుల్ని తినే పులుల్ని వేటాడినవాడు. ఆయన ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ 1944లో వచ్చింది. అందులో మొదటి కథ చంపావత్ ఆడపులిది. నేపాల్లోనూ కుమావూన్‌లోనూ కలిపి అది 436 మందిని చంపిందని లెక్క. 1907లో కార్బెట్ దాన్ని కాల్చి చంపాడు. చంపాక నోరు తెరిచి చూశాడు. కుడివైపు పై కోరపన్ను సగానికి విరిగి ఉంది, కింద కోరపన్ను ఎముక దాకా పోయింది. ఎప్పుడో ఎవరో కాల్చిన తూటా దెబ్బ అది. ఆ దెబ్బవల్ల మామూలు వేట చెయ్యలేకపోయింది, అందుకే మనుషుల మీద పడింది అని రాశాడు. పుస్తకం మొదట్లోనే ఆయన ఇంకో మాట చెప్తాడు. పులి పుట్టుకతో మనిషిని తినేది కాదు, తన చేతుల్లో లేని పరిస్థితివల్ల అలా మారుతుంది, పదిలో తొమ్మిదిసార్లు గాయం, పదోసారి ముసలితనం అని.

436 మందిని చంపిన మృగానికి కూడా ఆయన కారణం వెతికాడు. దవడ తెరిచి చూసి మరీ వెతికాడు. ఇది మంచి విషయమే. కార్బెట్ అంటే మాకు గౌరవం కూడా కలిగింది.

అయితే ఆ రోజుల్లోనే, ఆ ప్రభుత్వమే, మనుషుల విషయంలో ఏం చెప్పిందో చూడండి.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. తెలుగులో నేరస్థ జాతుల చట్టం అంటారు. చట్టసభలో దానికోసం చేసిన వాదన సూటిగా చెప్పాలంటే ఇదీ: ఈ దేశంలో పనులు కులాన్నిబట్టి నడుస్తాయి, వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, అలాగే దొంగతనమే కులవృత్తిగా ఉన్న జాతులున్నాయి, వాళ్ళ పిల్లలు పుట్టుకతోనే దొంగలు. అంటే గాయం లేదు, ఆకలి లేదు, కారణమే లేదు. పుట్టుకే కారణం. ఒక జాతిని ప్రభుత్వం నోటిఫై చేసిందంటే ఆ జాతిలో ప్రతి ఒక్కరూ పేరు నమోదు చేయించుకోవాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. మొదట ఉత్తరాదిన అమలైంది. 1911లో కొత్త చట్టం వచ్చాక మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది.

ఈ ఆలోచన వెనక కెప్టెన్ స్లీమన్ అనే అధికారి కూడా కనపడతాడు. ఠగ్గుల్ని అణచినవాడిగా పేరు తెచ్చుకున్నాడు. నేరం తండ్రినుంచి కొడుక్కి వస్తుందనే నమ్మకం ఠగ్గుల కేసులతోనే బాగా పాకింది. ఆ స్లీమనే 1852లో తోడేళ్ళు పెంచిన పిల్లల గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. మనిషి పిల్లాడు తోడేళ్ళ దగ్గర పెరిగితే నాలుగు కాళ్ళ మీద నడుస్తాడు, పచ్చి మాంసం తింటాడు అని అందులో ఉంది. ఆ కథల్లో ఎంత నిజముందో పక్కన పెట్టండి. పెంపకాన్నిబట్టి మనిషి మారతాడని వాటి అర్థం కదా? ఒకే మనిషి తోడేలు పిల్లాడి విషయంలో ఒకలా, ఠగ్గు కొడుకు విషయంలో ఇంకోలా ఆలోచించాడు.

ఇప్పుడు మళ్ళీ కార్బెట్ దగ్గరికి వద్దాం. ఆయన ‘మై ఇండియా’ అనే పుస్తకం 1952లో వచ్చింది. అందులో సుల్తానా అనే బందిపోటు గురించి ఒక అధ్యాయం ఉంది. సుల్తానా భాంతూ జాతివాడు. ఆ జాతిని ప్రభుత్వం నేరస్థ జాతి అంది. కొన్ని వందల భాంతూ కుటుంబాలను నజీబాబాద్ కోటలో ఉంచారు. కాపలా, సంస్కరణ బాధ్యత సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు ఇచ్చారు. సుల్తానా కుర్రతనంలోనే కోట గోడ దూకి పారిపోయి ముఠా కట్టాడు. మూడేళ్ళపాటు పోలీసులకు దొరకలేదు. వాణ్ణి పట్టుకోడానికి వెళ్ళిన దళంలో కార్బెట్ కూడా ఉన్నాడు. 1924లో సుల్తానాను ఉరి తీశారు.

ఆ అధ్యాయం చివర కార్బెట్ ఏం రాశాడంటే, సుల్తానా నేరస్థుడే, శిక్ష పడాల్సిందే, కానీ పుట్టగానే నేరస్థుడని ముద్ర వేశారు, బతుకులో సరైన అవకాశం ఇవ్వలేదు, అందుకే కొంచెం తక్కువ శిక్ష వేసి ఉంటే బాగుండేదనిపించింది అని. సుల్తానా పేదవాడి దగ్గర పైసా దోచుకోలేదనీ చెప్తాడు. చంపావత్ పులి నోట్లో చూసినట్టే ఇక్కడా ఆయనకు గాయం కనపడింది. కాకపోతే పులికైనా మనిషికైనా, చంపేశాకే కనపడింది.

నజీబాబాద్ ఎక్కడో ఉత్తరాదిన ఉంది కదా, మనకేంటి అనుకోవద్దు. నజీబాబాద్ కోటను చూసుకున్న ఆ సాల్వేషన్ ఆర్మీకే 1913 ప్రాంతంలో మన బాపట్ల దగ్గర ఒక సెటిల్మెంట్ అప్పగించారు. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. అక్కడికి తెచ్చినవాళ్ళు ఎరుకల వాళ్ళు. ఇవాళ ఎస్టీ జాబితాలో మన పక్కనే ఉన్నవాళ్ళు.

ఎరుకల వాళ్ళ దవడ తెరిచి చూసినవాళ్ళు చాలా ఆలస్యంగా వచ్చారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టం మీద పరిశోధన చేసి 2001లో ‘డిజానర్డ్ బై హిస్టరీ’ అనే పుస్తకం తెచ్చారు. కొరవ, కొరచ, ఎరుకల అని రకరకాల పేర్లతో పిలిచిన ఈ జనం అసలు ఏం చేసేవాళ్ళు? ఎడ్ల మీదా గాడిదల మీదా సముద్రపు ఒడ్డు ఉప్పును లోపలి ఊళ్ళకు మోసేవాళ్ళు. అక్కడినుంచి ధాన్యం మోసుకొచ్చేవాళ్ళు. బండి పోలేని ఊళ్ళకు ఉప్పు చేరిందంటే వీళ్ళవల్లే. తర్వాత కుంపిణీ ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందకు తెచ్చుకుంది. ఆ తర్వాత రైలు వచ్చింది, ఉప్పు మూటలు రైలెక్కాయి. 1876–78 కరువులో పశువులు చచ్చిపోయాయి. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చాక వెదురుకీ ఆకుకీ మేతకీ కూడా ఆంక్షలే. బేరం పోయింది, పశువు పోయింది, అడవి పోయింది. అయినా దారుల మీద తిరుగుతూనే ఉన్నారు, ఎందుకంటే వాళ్ళకు తెలిసిన బతుకు అదే. తిరిగేవాడు దొంగ అయి ఉంటాడని ప్రభుత్వం అనుకుంది. పళ్ళు విరగ్గొట్టి, ఆ తర్వాత కరుస్తుందని పేరు పెట్టడం అంటే ఇదే.

సెటిల్మెంట్లో పెట్టి సంస్కరించామన్నారు. అక్కడి మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా పనికొచ్చారని కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

చట్టం పోయింది. మద్రాసులో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల దినం అంటారు. కానీ దాని చోటికి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. జైలు నిబంధనల్లో పాత వాసన చాలాకాలం ఉండిపోయింది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్నిబట్టి పని పంచడాన్ని కొట్టేస్తూ, విముక్త జాతుల మీద ఈ ముద్ర కొనసాగడం కూడా తప్పని చెప్పింది. చట్టం రద్దయిన 72 ఏళ్ళకు కూడా కోర్టు ఆ మాట చెప్పాల్సి వచ్చింది. సినిమాల సంగతి మీకు తెలిసిందే. 2023లో స్టువర్టుపురం దొంగ మీద వచ్చిన సినిమా పేరు ‘టైగర్ నాగేశ్వరరావు’. మళ్ళీ పులే.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే తప్పంతా తెల్లదొరలదీ సినిమావాళ్ళదీ అని చెప్పి మేం తప్పించుకున్నట్టే. కాబట్టి ఇంకొకటి రాస్తున్నాం.

పోయినేడు మా గదిలో ఒకడి మెస్ డబ్బులు కనపడలేదు. గదిలో ఆరుగురం, అందరం ఎస్టీ పిల్లలమే. ఎవ్వరం నోరు తెరిచి ఏమీ అనలేదు. కానీ అందరి చూపులూ ఒకే పెట్టె మీదకి పోయాయి. అది ఎరుకల తమ్ముడి పెట్టె. తనే లేచి, తాళం తీసి, బట్టలూ పుస్తకాలూ అన్నీ మంచం మీద పోశాడు. అప్పుడైనా “వద్దురా” అని మాలో ఒక్కడూ అనలేదు. రెండు రోజుల తర్వాత డబ్బులు పోగొట్టుకున్నవాడి రికార్డు బుక్కులోనే దొరికాయి. క్షమించమని అడగడానికి సిగ్గుపడి ఊరుకున్నాం. ఆ నెలాఖరుకి తమ్ముడు గది మారిపోయాడు.

మనల్ని ఎవరైనా ‘జంగ్లీ’ అంటే మనకు రక్తం మరుగుతుంది. మరి ఆ రాత్రి మా గదిలో 1871 చట్టం చదివినవాళ్ళు ఎవరూ లేరు. అయినా అది మాలోపల ఉంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలీదు. అడవి పుస్తకాలు చదువుతూ మృగం ఎక్కడుందా అని వెతికితే, మాకు మొదట దొరికింది ఆ ఆరు మంచాల గదిలోనే. ఈ పోస్టు రాసేముందు ఆ తమ్ముడి దగ్గరికి వెళ్ళాం. ఏడాది ఆలస్యంగా క్షమాపణ అడిగాం. ఇది రాయొచ్చా అని కూడా అడిగాం. “రాయండి, నా పేరు మాత్రం వద్దు” అన్నాడు.

మీకు మా విన్నపం ఒక్కటే. సెలవులకు ఊరెళ్ళినప్పుడు తాతనీ అవ్వనీ కూర్చోబెట్టి అడగండి. మన ఇంట్లోవాళ్ళు ఇంతకుముందు ఏం మోసేవాళ్ళు, ఏం అమ్మేవాళ్ళు, ఏ దారిన పోయేవాళ్ళు? ఆ పని ఏ సంవత్సరం దగ్గర ఆగింది, ఎవరు ఆపారు? మన పక్క తెగవాళ్ళ గురించి మన ఇంట్లో ఏ సామెతలు, ఏ తిట్లు వాడతారు? మూడో ప్రశ్న అడగడం కష్టం, అయినా వదలొద్దు. వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, మన భాషలో చెప్తే మన భాషలోనే రాసుకోండి. కిప్లింగ్ గోండు పెద్ద చేత మాట్లాడించలేదు. మన పెద్దవాళ్ళు మాట్లాడతారు, మనం కూర్చుని వినాలి అంతే.

ఫస్టియర్ తమ్ముణ్ణి ఇప్పటికీ కొందరు మోగ్లీ అనే పిలుస్తున్నారు. మొన్న వాళ్ళని కూర్చోబెట్టి కాకర తీగ కథ చెప్పాడట. “ఆ గోండు ఏమనుకున్నాడో నేను చెప్తా వినండి” అని మొదలెట్టాడట. మిగతా కథ తనే ఇక్కడ రాస్తానన్నాడు. ఎదురు చూద్దాం.

జోహార్.